మూతపడిన టెలిఫోను గదులు – మన కర్తవ్యము

మన ప్రాంతపు బజారులలో నడచునపుడు ఎక్కడో ఒకచోట పసుపుపచ్చని బోర్డు ఒకటి కంటబడక మానదు. ఎండకు వెలిసి, వానకు తడిసి, దానిపై అక్షరములు సగము చెరిగిపోయి యుండును. ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ. అను ఆ మాటలను చదువుమన్నచో నేటి ఆరవ తరగతి పిల్లవాడు చదువగలడు గాని, వాని అర్థమేమని అడిగినచో తెల్లబోవును. ఆ పిల్లవాని తల్లిదండ్రులను అడిగినచో మాత్రము వారి ముఖములు వెలుగును. ఆ బోర్డు క్రింది గదిలో నిలిచి వారు తమ ఊరితో మాటలాడిరి. పెండ్లి కుదిరిన సంగతిని ఆ గదిలోనే వినిరి. పెద్దలు కాలము చేసిన సంగతిని కూడ ఆ గదిలోనే వినిరి.

ఇట్టి గదులను పడగొట్టి స్థలమును చదును చేయుట మేలని కొందరందురు. పాత వస్తువుగా రంగువేసి నిలుపుట మేలని మరి కొందరందురు. ఈ రెండును సరికావని నా అభిప్రాయము. వానిలో గట్టిగానున్న దాని నొకదానిని ఎంచుకొని, బాగుచేసి, దానికొక క్రొత్త పనిని అప్పగింపవలెను. ఆ పనిని కనిపెట్టుకొని యుండుటకు ఒక మనిషిని కూర్చుండబెట్టవలెను. ఈ రెండవ మాటయే ముఖ్యమైనది. గదిని నిలిపి మనిషిని మరచినచో మన శ్రమ వృథా యగును. ఎందుచేత నట్లనుచున్నానో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుటకే ఈ వ్యాసము.

ముందుగా ఈ గదులు ఎట్లు పుట్టినవో తెలిసికొందము. మన దేశమున 1882వ సంవత్సరము జనవరి 28వ తేదీన కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజీలు ప్రారంభమైనవి. అది మొదలు నూరేండ్లు గడచినను ఫోను సామాన్యుని గడప తొక్కలేదు. దూరపు ఊరితో మాటలాడవలెనన్న ట్రంకు కాలు పెట్టుకొని, ఎప్పుడు కలియునో తెలియక గంటలకొలది కాచుకొనవలసి యుండెను. 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఎస్.టి.డి. పద్ధతి మొదలైనది, అనగా ఆపరేటరు నడుగకుండ మనమే అంకెలు త్రిప్పి దూరపు ఊరిని పిలుచుకొనుట. ఆ సౌకర్యము మాత్రము చిరకాలము పట్టణములకును, కలిగినవారికిని పరిమితమై యుండెను.

1984లో సి-డాట్ అను సంస్థ ఏర్పడినది. ఒరిస్సాలోని టిట్లాగఢ్‌లో జన్మించి, అమెరికాలో టెలిఫోను విద్యయందు ఆరితేరి తిరిగివచ్చిన శాం పిట్రోడా ఆ సంస్థకు ప్రాణముగా నిలిచెను. మన పల్లెల ఎండకును, దుమ్మునకును ఓర్చుకొను ఎక్స్చేంజీలను ఆ సంస్థ మన దేశములోనే రూపొందించెను. ఇంటింటికి ఫోను నిచ్చుటకు ఆనాటి దేశమునకు శక్తి చాలదు. కావున వీధికొక ఫోను నిచ్చి, దానిని ఒక మనిషి చేతిలో పెట్టి, వచ్చిన రుసుములో అతనికి కొంత భాగము నిచ్చు పద్ధతి వచ్చినది. పసుపుపచ్చని బోర్డులు దేశమంతట వెలసినవి. ఈ గదుల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యము లభించెను. కాలు కదుపలేనివాడు కూడ కూర్చున్నచోటనే నలుగురికి ఉపకరించి, తన కుటుంబమును గౌరవముగా పోషించుకొను వీలు దానివలన కలిగినది.

ఇచ్చట ఒక భేదమును గమనింపుడు. ఇతర దేశముల టెలిఫోను పెట్టెలో నాణెము వేయుటకు చిన్న సందు ఉండెను. మన గదిలో డబ్బు పుచ్చుకొనుటకు మనిషి ఉండెను. అక్కడ యంత్రము, ఇక్కడ మనిషి. అంకెలు త్రిప్పుట రానివారికి ఆ మనిషియే త్రిప్పి యిచ్చెడివాడు. చీటీమీద వ్రాసుకొన్న నంబరు చెమటకు చెరిగిపోయినచో తన పుస్తకములో వెదకి చెప్పెడివాడు. ఊరినుండి ఎవరైనను ఫోను చేసి, "మా తమ్ముని పిలువుమని" కోరినచో కుఱ్ఱవానిని పంపి ఆ తమ్ముని పిలిపించెడివాడు. గోడకు తగిలించిన యంత్రము ఈ పనులు చేయగలదా?

మన తెలుగువారి విషయములో ఈ గదికి మరియొక విశేషము కలదు. కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలుమార్గము 1929లో పూర్తియైనది. ఆ దారివెంటనే కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు ప్రాంతముల జనులు ఈ వైపునకు వచ్చుట సులభమైనది. బొగ్గుగనులలో, రైల్వేలో, బల్లార్‌పూరు కాగితపు మిల్లులో, ఇండ్లు కట్టు పనులలో చేరి వారు స్థిరపడిరి. ఊరు విడిచిరి గాని ఊరితో బంధము విడువలేదు. ఉత్తరము వ్రాసిన జవాబు వచ్చుటకు దినములు పట్టును. చదువురాని తల్లికి ఉత్తరము వ్రాసి ప్రయోజనమేమి? ఎస్.టి.డి. గది వచ్చిన పిమ్మట ఆ తల్లి గొంతును వారు విన్నారు.

రాత్రి 11 గంటలు దాటినచో రుసుము నాలుగవ వంతునకు దిగెడిది. అందుచేత మనవారు అన్నము తిని, పిల్లలను నిద్రపుచ్చి, ఆ వేళకు గది ముందు వరుసగా నిలిచెడివారు. అద్దము వెనుక చిన్న యంత్రముమీద ఎఱ్ఱని అంకెలు పరుగెత్తుచుండెడివి. ఆ అంకెలను చూచుచు మాటలాడవలసి వచ్చుటచేత మనవారి మాటలు పొదుపుగా నుండెడివి: "అవ్వకు పానం ఎట్లున్నది? పైసలు ముట్టినయా? నాట్లు పడ్డయా?" అంతే. పగలంతయు పనిలో హిందీ, బజారులో మరాఠీ మాటలాడినవాడు ఆ అద్దపు తలుపు వేసికొని రెండు నిమిషములు తన తల్లి మాటను మాటలాడుకొనెడివాడు. బయట వరుసలో నిలిచిన తెలుగువారు ఒకరి నొకరు గుర్తుపట్టి, "మీదే ఊరు?" అని పలుకరించుకొనెడివారు. ఇచ్చటి మనవారిలో పలువురి పరిచయములు అట్టి వరుసలలోనే మొదలైనవనుట అతిశయోక్తి కాదు.

1995 జులై 31వ తేదీన మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగినది. కలకత్తానుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటలాడెను. ఆరంభములో అది ధనికుల అలంకారము. క్రమముగా ధర దిగి, అందరి జేబులకును చేరెను. ఎస్.టి.డి. గదుల ముందు వరుసలు తగ్గినవి, పిదప ఆగిపోయినవి. 2013 జులైలో తంతి సేవ కూడ ముగిసినది. కొందరు బూత్ యజమానులు జిరాక్సు యంత్రము పెట్టుకొనిరి. కొందరు సెల్‌ఫోను రీఛార్జీలు అమ్మిరి. ఆ శక్తి లేనివారు తాళము వేసిరి. దీనికై కన్నీరు కార్చుట తగదు. నేడు గనిలో పనిచేయు తండ్రి దూరపు ఊరిలోని తల్లి ముఖమును చూచుచు మాటలాడుచున్నాడు. ఇది గొప్ప మేలు. పాతదంతయు మంచిదని వాదించుట నా ఉద్దేశ్యము కాదు. కాని ఫోను చేతికి వచ్చినప్పుడు గది పోయినది. గదితోపాటు మనిషి పోయెను. మనిషితోపాటు నలుగురు కలిసికొను చోటు పోయెను. మొదటి నష్టము నష్టము కాదు. తక్కిన రెండును నష్టములే.

ఈ చిక్కు మన కొక్కరికే వచ్చినది కాదు. ఇంగ్లండు దేశపు ఎఱ్ఱని టెలిఫోను పెట్టెలను మీరు సినిమాలలో చూచి యుందురు. గైల్స్ గిల్బర్ట్ స్కాట్ అను శిల్పి రూపొందించిన పెట్టెలు 1926లో లండను వీధులలో నిలిచినవి. అయిదవ జార్జి చక్రవర్తి రజతోత్సవ సందర్భమున 1935లో అతడే మరింత చిన్న పెట్టెను రూపొందించెను. ఆ నమూనా పెట్టెలు వేలకొలదిగా ఊరూర వెలసినవి. సెల్‌ఫోను వచ్చిన పిమ్మట అవియును మూగవోయినవి. అప్పుడు 2008లో అక్కడి టెలిఫోను సంస్థ ఒక పథకమును పెట్టెను. ఏ గ్రామ పాలక సంఘమైనను ఒక్క పౌను చెల్లించి తన ఊరి పెట్టెను స్వీకరింపవచ్చును. అందులోని ఫోనును తీసివైచెదరు. పెట్టెను ఊరివారు తమకు నచ్చిన మంచి పనికి వాడుకొనవచ్చును. ఇంతవరకు 7 వేలకు పైగా పెట్టెలు ఇట్లు ఊరివారి పరమైనవి.

సోమర్‌సెట్ ప్రాంతమున వెస్ట్‌బరీ-సబ్-మెండిప్ అను గ్రామము కలదు. ఆ ఊరికి వచ్చుచుండిన సంచార గ్రంథాలయపు బండి నిలిచిపోయెను. ఊరి ఫోను పెట్టెకును అదే గతి పట్టనుండెను. గ్రామస్థులు 2009లో ఈ రెండు నష్టములను కలిపి ఒక లాభముగా మార్చుకొనిరి. ఒక పౌనుకు పెట్టెను కొని, అరలు బిగించి, తమ యిండ్లలో చదివి ముగించిన పుస్తకములను దానిలో నుంచిరి. ఒక పుస్తకము పెట్టి మరొకటి తీసికొనుట అక్కడి నియమము. మరి కొన్ని ఊళ్లలో, గుండె ఆగిన మనిషికి విద్యుత్తు తాకిడి నిచ్చి మరల కొట్టుకొనజేయు యంత్రమును ఆ పెట్టెలో నుంచిరి. ఆసుపత్రి దూరముగానున్న పల్లెలో అది ఒక ప్రాణమును నిలుపగలదు.

మూగవోయిన పెట్టెలన్నియు పనికిరానివి కావని కూడ అక్కడివారు గ్రహించిరి. 2020 మే నెలతో ముగిసిన ఒక్క ఏడాదిలో బ్రిటనులోని వీధి ఫోనులనుండి ఆపత్సమయపు సేవలకు దాదాపు 1,50,000 పిలుపులు వెళ్లినవి. కష్టములోనున్న బాలబాలికలకు సాయపడు సంస్థకు 25,000 పిలుపులు వెళ్లినవి. ఇంటిలో ఫోను వాడుటకు భయపడు బిడ్డ వీధి ఫోనును వెదకుకొని వచ్చినదన్నమాట. ఈ కారణములను చూచి అక్కడి నియంత్రణ సంస్థ 2022లో నియమములు చేసి, దాదాపు 5 వేల పెట్టెలను తొలగింపకుండ కాపాడ నిశ్చయించెను. ఏడాదిలో 52 పిలుపులు, అనగా సగటున వారమున కొక్కటి వెళ్లినను ఆ పెట్టె అవసరమైనదే యని ఒక గుర్తు పెట్టుకొనెను. ఆస్ట్రేలియాలో 2021 ఆగస్టునుండి దేశములోని దాదాపు 15 వేల వీధి ఫోనులనుండి దేశములో నెక్కడికైనను ఉచితముగా మాటలాడు సౌకర్యమును కలిగించిరి. పాత వస్తువునకు క్రొత్త పని కల్పించుట వెఱ్ఱి ఆలోచన కాదనుటకు ఈ ఉదాహరణములు చాలును.

ఇంతవరకు చెప్పినది తీపి. చేదు కూడ చెప్పవలెను. పెట్టెకు రంగు వేయుట ఒక ఆదివారపు పని. దానిని నడుపుట ప్రతిదినపు పని. పుస్తకములు పెట్టి మరచినచో అవి చెమ్మకు ఉబ్బును, చెదలకు ఆహారమగును. గుండెకు ప్రాణము పోయు యంత్రమునకు కూడ బ్యాటరీ పాతబడును. ఎవరో ఒకరు వేళకు పరీక్షింపనిచో అవసరమైననాడు అది పలుకదు. నాణెపు పెట్టెకు కావలి మనిషి మొదటినుండి లేడు గనుక, ఆ దేశపు గ్రామస్థులు క్రొత్తగా వానిని వెదకుకొనవలసి వచ్చెను. మన గదికి మొదటినుండి మనిషి కలడు. అతనిని తిరిగి పిలుచుటయే మన పని. పరదేశమును చూచి నేర్చుకొందము గాని, మనకున్న మేలును మరచి వారి పెట్టెను మాత్రము అనుకరింపరాదు.

ఇక మన ఊరిలో ఈ గదికి ఏ పని అప్పగింపవలెను? నా మనవి యేమనగా, మొదటి పని తెలుగు పుస్తకము.

మాతృభాషలో ప్రాథమిక విద్య పొందుటకు భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు వసతులు కల్పింపవలెనని మన రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా ఇది చేర్పబడినది. ఈ ఏర్పాటువలన మనవంటివారికి పాఠశాల కలదు, పాఠ్యపుస్తకము కలదు. కాని బడిగంట కొట్టిన తరువాత పిల్లవాడు చదువుటకు తెలుగు పుస్తకమును ఏ చట్టము తెచ్చి యిచ్చును? మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు. పరీక్షకు పాఠము చదువుదురు. ఆ రెంటి నడుమ, తమంత తాము కోరి తెలుగు కథ నొకదానిని చదువు పిల్లలు ఎందరు? పదవ తరగతి ముగియగానే వారిలో పలువురు మరాఠీ లేక ఇంగ్లీషు కళాశాలలకు పోవుదురు. అటుపిమ్మట తెలుగు అక్షరము వారి కంటికి కనబడుట అరుదగును. మరి పది యేండ్లకు ఆ యింటిలో తాత వ్రాసిన ఉత్తరము పెట్టెలో నుండును, దానిని చదువగల మనుమడు ఉండడు. ఇది ఊహించి భయపెట్టుటకు చెప్పుచున్న మాట కాదు. మీ యిండ్లలోని పాత ఉత్తరములను తీసి నేడే పరీక్షించి చూడుడు.

పరభాషా ప్రాంతమున తెలుగును నిలుపుకొనుట సాధ్యమా యని అనుమానించువారికి మన విదర్భయే జవాబు చెప్పుచున్నది. కొమర్రాజు లక్ష్మణరావుగారు (1877–1923) నాగపూరులో చదువుకొనిరి. మరాఠీలో వ్యాసములు వ్రాయగల పండితులైనను వారు తెలుగును విడువలేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనప్పుడు దాని వెనుక నిలిచిన వారిలో వారొకరు. ఆనాడు నిజాము పాలనలోని ఆ నగరమున తెలుగు రాజభాష కాదు. బడి భాషయును కాదు. అయినను ఒక గ్రంథాలయముతో పని మొదలైనది. లక్ష్మణరావుగారి అక్క భండారు అచ్చమాంబగారు (1874–1905) బడికి పోకయే ఇంటిలో తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకొని, "అబలా సచ్చరిత్ర రత్నమాల" అను గ్రంథమును రచించిరి. బడి లేని ఆమెకు పుస్తకము దొరికినది, చాలును. బడి యున్న మనకు పుస్తకము దొరకవలదా?

గ్రంథాలయమునకు పెద్ద భవనము కావలెనను భ్రమను కూడ మన పెద్దలు ఏనాడో తొలగించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవమీద గ్రంథాలయమును నడిపిరి. ప్రయాణికులు ఒడ్డునుండి ఒడ్డునకు పోవులోపల చదువుకొనిరి. మన మహారాష్ట్రములోనే సతారా జిల్లాలోని భిలార్ గ్రామమున 2017 మే నెలలో "పుస్తకముల ఊరు" ప్రారంభమైనది. అక్కడ ఊరివారి యిండ్ల గదులలోను, బడిలోను, గుడిలోను మరాఠీ పుస్తకముల నుంచి, వచ్చినవారిని చదువుకొనుమనుచున్నారు. పడవ గ్రంథాలయమైనది, పడకటిల్లు గ్రంథాలయమైనది. ఫోను గది ఏల కారాదు?

రెండవ పని వ్రాతకోతల సాయము. మన తల్లిదండ్రులలో కొందరికి తెలుగు మాత్రమే వచ్చును. కొందరికి ఏ అక్షరమును రాదు. ఉపకారవేతనపు దరఖాస్తు, రేషను కార్డు, బ్యాంకు కాగితము – అన్నియు మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉండును. ఎక్కడ సంతకము పెట్టుచున్నామో తెలియక పెట్టుట ప్రమాదకరము. సాయంకాలము ఒక గంట ఆ గదిలో మన పై తరగతుల విద్యార్థులు ఇద్దరు కూర్చుండి, కాగితములో నున్నదానిని తెలుగులో చదివి చెప్పినచో పెద్దలకు ఎంత మేలు! దరఖాస్తు నింపుటకు పిల్లలు పైకము పుచ్చుకొనరాదు. ఇతరుల రహస్యములను బయటికి చెప్పరాదు. పూర్వము ఆ అద్దపు తలుపు మన మాటలను దాచెను. ఇప్పుడు పిల్లల మర్యాద దాచవలెను.

మూడవది, గదిలో ఫోను తప్పక ఉండవలెను. ఆపదలో 112, బాలల సాయమునకు 1098 అను నంబర్లను పెద్ద అక్షరములతో తెలుగులోను, మరాఠీలోను, హిందీలోను గోడమీద వ్రాయింపవలెను. సెల్‌ఫోనులో బ్యాటరీ అయిపోయిన మనిషికి, ఫోను లేని ముసలమ్మకు, ఇంట చెప్పుకొనలేని బిడ్డకు అది ఉపకరించును. ఏడాది కొక్కసారి ఉపకరించినను చాలును.

ఈ మూడు పనులును చూచు మనిషికి జీతమెట్లు? ఉపకారముగా చేయుమని చెప్పుట సులభము. పొయ్యిమీద కుండ ఉపకారముతో ఉడుకదు. కావున జిరాక్సు, రీఛార్జి వంటి పనులు అతనివే కావలెను. వాని ఆదాయమును అతనిదే. మరియొక మార్గము కూడ కలదు. కేంద్ర ప్రభుత్వము 2020 డిసెంబరులో పి.ఎం.-వాణి అను పథకమును ఆమోదించెను. దాని ప్రకారము చిన్న దుకాణదారు కూడ లైసెన్సు లేకుండ, రుసుము లేకుండ, తన చోటునుండి జనులకు వైఫై సేవను అమ్ముకొనవచ్చును. అట్టి చోటునకు "పబ్లిక్ డేటా ఆఫీసు" అని పేరు పెట్టిరి. పి.సి.ఓ.కు తమ్ముడు పి.డి.ఓ. అనుకొనుడు. పాత గదిలో పాత మనిషియే ఈ క్రొత్త సేవను నడిపినచో కథ మొదటికి వచ్చినట్లగును. మూతపడిన బూత్ యజమానులలో వికలాంగులున్నచో మొదటి అవకాశము వారిదే కావలెను. ఆ గదిని వారినుండి తీసికొని మనము సేవ చేయుచున్నామనుకొనుట న్యాయము కాదు.

పని మొదలుపెట్టు క్రమమును గూర్చి నాలుగు మాటలు. మొదట యజమానిని అడుగవలెను. గది వీధి అంచున నున్నచో నగర పరిషత్తు అనుమతిని వ్రాతపూర్వకముగా పొందవలెను. తరువాత పైకప్పును చూడవలెను; మన వానకాలము పుస్తకమునకు మొదటి శత్రువు. రెండవ శత్రువు చెదపురుగు. కావున క్రింది అర నేలకు మూరెడు ఎత్తున నుండవలెను, అరలు గోడకు ఆనకుండ జానెడు ఎడముండవలెను. పసుపుపచ్చని పాత బోర్డును తీయవలదు. దుమ్ము తుడిచి అక్కడనే ఉంచవలెను. మట్టిపనికి పేరుగన్న గ్రామోదయ సంఘము మన భద్రావతిలోనే యున్నది. క్రొత్త పేరును కాల్చిన మట్టిపలకపై చేయించినచో అది ఎండకు వెలవదు, ఊరి చేతిపనికి గౌరవమును నిలుచును. పుస్తకములు తీసికొన్నవారి పేర్లకు ఒక నోటుపుస్తకము చాలును.

మూడు ఆక్షేపణలు వచ్చునని నాకు తెలియును. "చేతిలో ఫోనుండగా అందులోనే పుస్తకములన్నియు ఉన్నవి కదా" యని మొదటిది. ఉన్నవి, కాని పిల్లవాడు ఫోను తెరచినప్పుడు పుస్తకము వెదకుచున్నాడా, ఆట వెదకుచున్నాడా అనునది తల్లులకు తెలిసినదే. అరలోని పుస్తకము మరొకదాని వైపునకు లాగదు.

"మరాఠీ నేలమీద తెలుగు అర యేల? ఇది వేరుపాటు కాదా" యని రెండవది. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. కావుననే ఆ గదిలో తెలుగు అర ప్రక్కనే మరాఠీ అర ఉండవలెను. ఈ నేల మనకు అన్నము పెట్టినది. దాని భాష మనకు పరాయిది కాదు. పొరుగింటి మరాఠీ పిల్లలు కూడ ఆ గదికి వచ్చి చదువుకొనవలెను. లక్ష్మణరావుగారు రెండు భాషలను చేపట్టిరి. ఒకదానికొరకు మరొకదానిని విడువలేదు.

"నాలుగు దినముల ముచ్చట, పిదప మూతపడును" అని మూడవది. ఇది నిజమైన భయము. దీనికి మాటతో జవాబు చెప్పలేము. ఒక్క గదితోనే మొదలు పెట్టుదము. ఏడాది నడిపి, నోటుపుస్తకములోని లెక్క చూతము. బ్రిటనువారు 52 పిలుపులను గుర్తుగా పెట్టుకొనిరి కదా. మనమును వారమునకొక పాఠకుడు చొప్పున 52 పేర్లు పెట్టుకొందము. అంతకు తగ్గినచో, మన కోరికకును ఊరి అవసరమునకును పొత్తు కుదరలేదని ఒప్పుకొని, తాళము యజమానికి అప్పగించి నమస్కరింతము. మించినచో రెండవ గదిని వెదకుదము.

విద్యార్థులారా! ఈ వారము మీరు చేయవలసిన పని చిన్నది. మీ యింటినుండి బడికి వచ్చు దారిలో పసుపుపచ్చని బోర్డు కనబడినచో దానిక్రింద ఎవరు కూర్చుండెడివారో మీ అమ్మానాన్నల నడుగుడు. ఆ మనిషి ఇప్పుడెక్కడ నున్నాడో, ఏమి చేయుచున్నాడో కనుగొని, వ్రాసి తెండు. తల్లిదండ్రులారా! మీరు చదివి అటకమీద పెట్టిన తెలుగు పుస్తకము ఒక్కటియైనను దింపి, దుమ్ము దులిపి సిద్ధముగా నుంచుడు. ఒకప్పుడు ఊరి మాట వినుటకు మనము ఆ గది ముందు అర్ధరాత్రి వరకు నిలిచితిమి. మన బిడ్డలు ఆ మాటను చదువగలుగుటకు దాని తలుపును మరల ఒకసారి తీయుట మనకు భారము కారాదు.